వెంటిలేటర్ అలారం మోగితే ముందు ఏం చెయ్యాలి, లిమిట్స్ ఎలా పెట్టుకోవాలి: ఐసీయూకి కొత్తగా వచ్చిన నర్సుకి సమాధానం

చెల్లీ, నువ్వు అడిగినవి మూడు. నిన్ను వార్డు నుంచి ఐసీయూకి మార్చాక ఇంకా నెల కూడా గడవలేదు, నైట్ డ్యూటీలో రెండు వెంటిలేటర్లు ఒక్కదానివే చూసుకుంటున్నావు, అలారం మోగగానే కాళ్ళూ చేతులూ ఆడట్లేదు, అసలు ముందు ఏం చెయ్యాలి అన్నది మొదటిది. హై ప్రెషర్ అలారం ఆగట్లేదని సీనియర్ ఒకామె లిమిట్ 40 నుంచి 60కి పెంచేసి వెళ్ళిపోయింది, అది కరెక్టేనా అన్నది రెండోది. అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే "అలారం మోగుతోంది అంటే నేనేం చెయ్యాలి" అని విసుక్కుంటున్నారు, ఏం చెప్పాలి అన్నది మూడోది. నేను చాలా ఏళ్ళుగా ఐసీయూ నర్సింగ్‌లోనే ఉన్నాను, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి వెంటిలేటర్ నేర్పించే పని కూడా నాదే, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదువు. నేను చెప్పే నంబర్లన్నీ పెద్దవాళ్ళకి, పిల్లల ఐసీయూ లెక్క వేరు. ప్రెషర్ నంబర్లన్నీ సెంటీమీటర్స్ ఆఫ్ వాటర్ లెక్కలో. మీ యూనిట్‌లో రాసిపెట్టిన ప్రోటోకాల్ ఉంటే దానికే మొదటి ప్రాధాన్యం.

అలారం మోగగానే కొత్తవాళ్ళందరూ స్క్రీన్ వైపు చూస్తారు, ఎర్ర అక్షరాల్లో ఏం రాసి ఉందో చదవడం మొదలుపెడతారు. అలా కాదు, ముందు పేషెంట్‌ని చూడాలి. ఛాతీ రెండు వైపులా లేస్తోందా, పెదాల రంగు ఎలా ఉంది, ట్యూబ్ (నోట్లోంచి శ్వాసనాళంలోకి వేసిన పైపు) ఉండాల్సిన చోటే ఉందా, కళ్ళు పెద్దవి చేసుకుని గింజుకుంటున్నాడా, మానిటర్‌లో శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంత, ఆ వేవ్ సరిగ్గా వస్తోందా, గుండె వేగం, బీపీ. ఇదంతా చదవడానికి పట్టినంత సేపు పట్టదు, అలవాటైతే ఐదు సెకన్ల పని. ఆ తర్వాతే స్క్రీన్ చదువు, ఆ తర్వాతే సైలెన్స్ నొక్కు. చాలా మిషన్లలో సైలెన్స్ నొక్కితే 2 నిమిషాలు శబ్దం ఆగుతుంది, అంతే, సమస్య ఆగదు. ఆ 2 నిమిషాలు నువ్వు ప్రశాంతంగా కారణం వెతుక్కోవడానికి ఇచ్చిన టైం, పక్క బెడ్‌కి వెళ్ళిపోవడానికి కాదు.

పేషెంట్ బాగాలేడు అనిపిస్తే, అంటే శాచురేషన్ పడిపోతోంది, రంగు మారుతోంది, గుండె వేగం తగ్గిపోతోంది, ఛాతీ అసలు లేవట్లేదు, అప్పుడు అలారం కారణం వెతుక్కుంటూ నిలబడకూడదు. గట్టిగా కేక వేసి మనిషిని పిలువు, వెంటిలేటర్ నుంచి తీసి 100 శాతం ఆక్సిజన్ పెట్టిన అంబూ బ్యాగ్‌తో బ్యాగింగ్ (చేత్తో నొక్కి గాలి ఇవ్వడం) మొదలుపెట్టు. బ్యాగ్ తేలిగ్గా నొక్కుకుంటూ ఛాతీ లేచి శాచురేషన్ ఎక్కుతోందంటే తప్పు మిషన్‌లోనో సర్క్యూట్‌లోనో (మిషన్‌కీ ట్యూబ్‌కీ మధ్య ఉండే పైపులు) ఉంది, పేషెంట్ దగ్గర లేదు. బ్యాగ్ గట్టిగా ఉంది, నొక్కినా లోపలికి పోవట్లేదంటే తప్పు ట్యూబ్‌లోనో ఊపిరితిత్తుల్లోనో ఉంది. వెంటనే సక్షన్ కాథెటర్ (కఫం లాగే సన్నటి గొట్టం) వేసి చూడు, అది ట్యూబ్ దాటి లోపలికి దిగకపోతే ట్యూబ్ మూసుకుపోయినట్టో మడత పడినట్టో. ఇంగ్లీషులో డి, ఓ, పి, ఈ అని నాలుగక్షరాలు నేర్పిస్తారు కదా, ట్యూబ్ జరగడం, మూసుకుపోవడం, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), ఎక్విప్‌మెంట్ ఫెయిల్ అవ్వడం, ఆ నాలుగింటికి గాలి లోపలే పేరుకుపోవడాన్ని ఐదోదిగా కలుపుకో. కంగారులో బుర్ర పనిచెయ్యనప్పుడు ఈ ఐదూ వరసగా చూసుకుంటే చాలు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ప్రతి అలారంకీ పేషెంట్‌ని వెంటిలేటర్ నుంచి తీసెయ్యకు. తీవ్రమైన ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు వాచి బిగుసుకుపోయే జబ్బు) పీప్ (ఊపిరి వదిలాక కూడా లోపల నిలిపి ఉంచే ప్రెషర్) 12, 14 మీద ఉన్న పేషెంట్‌ని ఒక్కసారి తీస్తే తెరుచుకున్న ఊపిరితిత్తులు మూసుకుపోతాయి, మళ్ళీ శాచురేషన్ ఎక్కించడానికి చాలాసేపు పడుతుంది. పేషెంట్ స్థిరంగా ఉంటే మిషన్ మీద ఉంచే వెతుకు. ఆస్తమా, సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు) పేషెంట్ దీనికి పూర్తి ఉల్టా, గాలి లోపల పేరుకుపోయి బీపీ పడిపోతుంటే ట్యూబ్ దగ్గర సర్క్యూట్ ఊడదీసి ఆ గాలిని బయటికి పోనివ్వడమే వైద్యం, తర్వాత బ్యాగింగ్ కూడా నిమిషానికి 8, 10 మించకుండా నిదానంగా చెయ్యాలి. కంగారులో గబగబా నొక్కితే ఉన్న గాలికి ఇంకా గాలి కలిపినట్టే.

ఇప్పుడు హై ప్రెషర్ అలారం సంగతి, నీ రాత్రుళ్ళు సగం దీంతోనే పోతాయి. చాలామంది ఇది ఉత్త గంట అనుకుంటారు. కాదు. ప్రెషర్ ఆ లిమిట్‌ని తాకగానే మిషన్ ఆ శ్వాసని అక్కడే ఆపేసి గాలి వదిలేస్తుంది. అంటే 400 ఎంఎల్ పంపమని పెడితే లోపలికి వెళ్ళింది 150 ఎంఎల్ అయ్యుండొచ్చు. అందుకే హై ప్రెషర్ అలారం వెనకాలే లో టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకి వెళ్ళే గాలి తగ్గిందనే) అలారం కూడా మోగుతుంది, కొత్తవాళ్ళు ఇవి రెండు వేరే వేరే సమస్యలు అనుకుని గందరగోళపడతారు. రెండూ ఒక్కటే, దారి మూసుకుంది కాబట్టి ప్రెషర్ పెరిగింది, ప్రెషర్ పెరిగింది కాబట్టి గాలి తగ్గింది. ఒక్క అలారం కంటే రెండు అలారాల జోడీ ఎక్కువ చెప్తుంది, ఈ మాట గుర్తుపెట్టుకో.

వెతకడం ఎప్పుడూ పేషెంట్ నోటి దగ్గర మొదలుపెట్టి మిషన్ దాకా రావాలి. ట్యూబ్ కొరుకుతున్నాడా చూడు, కొరుకుతుంటే బైట్ బ్లాక్ పెట్టాలి. ట్యూబ్ మడత పడిందా, పక్క మార్చినప్పుడు సర్క్యూట్ సైడ్ రెయిలింగ్ కింద నలిగిందా. గరగరమని శబ్దం వస్తుంటే, లేదా ఎక్స్‌పిరేటరీ ఫ్లో గీత (ఊపిరి బయటికొచ్చేటప్పుడు స్క్రీన్ మీద గీసేది) రంపం పళ్ళలా కనిపిస్తుంటే కఫం ఉంది, సక్షన్ చెయ్యి. సక్షన్‌కి ముందు 100 శాతం ఆక్సిజన్ బటన్ నొక్కు, కాథెటర్ లావు ట్యూబ్ లోపలి వెడల్పులో సగం దాటకూడదు, ఒక్కోసారి 15 సెకన్లకి మించి లోపల ఉంచకు, ప్రతిసారీ సెలైన్ పోసి సక్షన్ చెయ్యడం అనే పాత అలవాటు మానెయ్యి. తర్వాత ఫిల్టర్ చూడు. హెచ్ఎంఈ ఫిల్టర్ (పేషెంట్ ఊపిరిలోని తేమనీ వేడినీ పట్టి ఉంచేది) కఫంతో నిండి తడిసి ముద్దయితే దాంట్లోంచి గాలి పోదు, మార్చెయ్యాలి. హీటెడ్ హ్యుమిడిఫయర్ (నీళ్ళు వేడిచేసి గాలికి తేమ ఇచ్చేది) పెట్టిన సర్క్యూట్‌లో మళ్ళీ హెచ్ఎంఈ కూడా పెట్టేస్తారు కొందరు, ఆ రెండూ కలిపి ఎప్పుడూ వాడకూడదు, ఫిల్టర్ నీళ్ళు పీల్చుకుని మూసుకుపోతుంది. అలాగే నెబ్యులైజేషన్ ఎక్కువగా ఇస్తున్న పేషెంట్‌లో మిషన్ వైపు ఉండే ఎక్స్‌పిరేటరీ ఫిల్టర్ మందుతో గట్టిపడిపోతుంది, గాలి బయటికి రాక పీప్ పెరుగుతుంది, అందరూ పేషెంట్ ఛాతీ వింటూ ఉంటారు కానీ ఆ ఫిల్టర్‌ని ఎవరూ చూడరు.

ఇవన్నీ చూశాక కూడా ప్రెషర్ తగ్గకపోతే పీక్ (గాలి లోపలికి వెళ్తున్నప్పుడు వచ్చే గరిష్ట ప్రెషర్), ప్లేటూ (గాలి కదలడం ఆగాక ఊపిరితిత్తుల్లో ఉండే ప్రెషర్) రెండూ చూడాలి. వాల్యూమ్ కంట్రోల్‌లో (ప్రతి శ్వాసకీ పెట్టినంత గాలి ఇచ్చే మోడ్) ఉండి పేషెంట్ తనంతట తాను లాగకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇన్‌స్పిరేటరీ హోల్డ్ (గాలి లోపలికి వెళ్ళాక క్షణం ఆపే బటన్) నొక్కితే ప్లేటూ వస్తుంది, మీ యూనిట్‌లో నర్సులు హోల్డ్ నొక్కనివ్వకపోతే డాక్టర్ చేసేటప్పుడు పక్కనుండి చూసి నేర్చుకో. పీక్ 42 ఉండి ప్లేటూ 20 ఉంటే, ఊపిరితిత్తి మెత్తగానే ఉంది, దారి ఇరుకైంది అని అర్థం, అంటే ట్యూబ్, కఫం, ఫిల్టర్, బ్రాంకోస్పాజం (గాలి గొట్టాలు బిగుసుకుపోవడం) వీటిలో ఒకటి. పీక్ 42 ఉండి ప్లేటూ కూడా 36 ఉంటే దారి కాదు, ఊపిరితిత్తో ఛాతీయో బిగుసుకుంది, అంటే ఏఆర్‌డీఎస్ ముదరడం, నీరు చేరడం, న్యూమోథొరాక్స్, ట్యూబ్ కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి వెళ్ళే గొట్టం) దిగిపోవడం, గాలి పేరుకోవడం, పొట్ట ఉబ్బడం. ఈ ఒక్క కొలత డాక్టర్‌కి చెప్తే సగం డయాగ్నసిస్ ఫోన్‌లోనే అయిపోతుంది. ప్లేటూ 30 దాటకుండా చూసుకోవాలన్నది అందరూ పాటించే హద్దు.

మీ సీనియర్ 60కి పెంచడం గురించి. కారణం వెతక్కుండా, ఎవరికీ చెప్పకుండా పెంచితే అది తప్పే, ఎందుకంటే ఇప్పుడు మిషన్‌కి 60 దాకా నెట్టే అనుమతి ఇచ్చినట్టు. ప్లేటూ ఎక్కువున్న పేషెంట్‌లో ఆ ప్రెషర్ నేరుగా ఊపిరితిత్తి మీద పడుతుంది, చిరిగితే న్యూమోథొరాక్స్. కానీ ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే ఆమెకి అన్యాయం చేసినట్టవుతుంది. తీవ్రమైన ఆస్తమా పేషెంట్‌లో పీక్ 50, 55 ఉండి ప్లేటూ 22 ఉంటే, లిమిట్ 40 దగ్గరే పెట్టి ఉంచితే ప్రతి శ్వాసా మధ్యలో ఆగిపోయి పేషెంట్‌కి గాలే అందదు. అక్కడ డాక్టర్ ప్లేటూ చూసుకుని, కావాలనే లిమిట్ పెంచుతారు, అది సరైన పని. కాబట్టి ప్రశ్న పెంచొచ్చా కూడదా అని కాదు, ప్లేటూ ఎంత, ఎవరు ఆర్డర్ ఇచ్చారు, ఛార్ట్‌లో రాశారా, మళ్ళీ ఎప్పుడు తగ్గిస్తారు. ఈ నాలుగింటికీ జవాబు ఉంటే సరే. ఆమెని నిలదీయక్కర్లేదు, "మేడం, ప్లేటూ ఎంత వచ్చిందో చెప్తే ఛార్ట్‌లో రాస్తాను" అని అడుగు, చాలు.

ప్రెషర్ కంట్రోల్ మోడ్‌లో ఉన్న పేషెంట్ విషయంలో ఇంకా జాగ్రత్త. అక్కడ మిషన్ పెట్టిన ప్రెషర్ దాటదు, కాబట్టి కఫం గడ్డ అడ్డం పడినా హై ప్రెషర్ అలారం మోగదు. నిశ్శబ్దంగా టైడల్ వాల్యూమ్ 380 నుంచి 300, 220 అలా దిగిపోతుంది. ఆ పేషెంట్‌కి నీ కాపలా అంతా లో టైడల్ వాల్యూమ్, లో మినిట్ వాల్యూమ్ (నిమిషం మొత్తంలో వెళ్ళే గాలి తగ్గిందనే) అలారాల మీదే ఉంటుంది, అవి మిషన్ డిఫాల్ట్‌లో అట్టడుగున ఉంటే నీకు తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది.

మన దగ్గర ఐసీయూల్లో తరచూ వచ్చే ఒక కేసు చెప్తాను, పురుగుల మందు తాగినవాళ్ళు. ఆర్గానోఫాస్ఫేట్ అయితే నోటి నిండా, ఊపిరితిత్తుల నిండా నీళ్ళలాంటి సెక్రీషన్స్ (స్రావాలు), పైగా బ్రాంకోస్పాజం, గంటకి ఎన్నిసార్లు ప్రెషర్ అలారం మోగుతుందో లెక్కుండదు. సక్షన్ చేస్తూనే ఉంటాం, సరే. కానీ కాసేపు తగ్గిన అలారాలు మళ్ళీ పెరిగితే అట్రోపిన్ (ఆ స్రావాల్ని తగ్గించే మందు) డ్రిప్ తగ్గించారా, సిరంజ్ పంపు అయిపోయిందా, లైన్ బ్లాక్ అయిందా చూడు. అలారం వెంటిలేటర్‌ది, జబ్బు పంపులో ఉంటుంది. ఇదే పేషెంట్ రెండో రోజో మూడో రోజో మెలకువలోకి వచ్చి, సెక్రీషన్స్ తగ్గి, స్పాంటేనియస్ మోడ్‌లో (పేషెంట్ తనే ఊపిరి తీసుకునేది) పెట్టాక లో టైడల్ వాల్యూమ్, యాప్నియా (ఊపిరి ఆగిందనే) అలారాలు మొదలైతే "నిద్రపోతున్నాడు" అనుకోకు. 24 నుంచి 96 గంటల మధ్యలో ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని వస్తుంది, మెడ కండరాలు, ఊపిరి కండరాలు బలహీనపడిపోతాయి. తల దిండు మీద నుంచి ఎత్తమను, ఎత్తలేకపోతే వెంటనే డాక్టర్‌కి చెప్పు. ట్యూబ్ తీసేసే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఆగిపోతారు.

ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి, బీపీ పడిపోయి, ఒక వైపు గాలి శబ్దం వినపడకపోతే న్యూమోథొరాక్స్ అనుకో, ముఖ్యంగా అప్పుడే సబ్‌క్లేవియన్ లైన్ (కాలర్ ఎముక కింది పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) వేసినా, సీపీఆర్ చేసినా, ఛాతీ దెబ్బ ఉన్న యాక్సిడెంట్ కేసైనా. టెన్షన్ న్యూమోథొరాక్స్‌లో (చేరిన గాలి గుండెని కూడా నొక్కేసే స్థితి) ఎక్స్‌రే కోసం ఆగరు, కాబట్టి నువ్వు డాక్టర్‌ని పరిగెత్తించి, ఐసీడీ (ఛాతీలోంచి గాలి తీసే గొట్టం) ట్రే, పెద్ద సైజు కాన్యులా దగ్గర పెట్టు. ఎడమ వైపే శబ్దం తగ్గి మిగతావన్నీ బాగానే ఉంటే ట్యూబ్ మీది మార్కు చూడు, మగవాళ్ళకి పళ్ళ దగ్గర 23, ఆడవాళ్ళకి 21 సుమారుగా ఉండాలి, అది 26కి దిగి ఉంటే కుడి వైపుకి జారింది. మెడ వంచినా ట్యూబ్ లోపలికి దిగుతుంది, మెడ వెనక్కి వాల్చితే పైకి వస్తుంది, పక్క మార్చిన ప్రతిసారీ మార్కు చూడమనేది ఇందుకే.

పేషెంట్ వెంటిలేటర్‌తో ఫైట్ చేస్తున్నాడు అని మనం రోజూ అనే మాట ఒకటుంది. అనగానే మిడజోలం (మత్తు మందు) పెంచెయ్యడం, ఇంకా లేదంటే వెక్యురోనియం (కండరాలు కదలకుండా చేసే మందు) ఇచ్చెయ్యడం. ఆ మనిషి ఎందుకు గింజుకుంటున్నాడో ముందు చూడండి. ఆక్సిజన్ చాలట్లేదా, నొప్పా, ఫోలీ (మూత్రం గొట్టం) బ్లాకై మూత్రం నిలిచిందా, మిషన్ ఇచ్చే గాలి అతను కోరినంత లేదా, భయమా. చెవి దగ్గరికి వెళ్ళి పేరు పెట్టి పిలిచి "గొంతులో పైపు ఉంది, అందుకే మాట రావట్లేదు, నేను ఇక్కడే ఉన్నాను" అని చెప్తే కొందరు నిజంగానే శాంతిస్తారు, ఇది నేను ఎన్నోసార్లు చూశాను. సెడేషన్ లేకుండా పారలైజ్ చెయ్యడం మాత్రం క్రూరత్వం, అలారం ఆగుతుంది, లోపల మనిషి మేలుకుని నరకం చూస్తుంటాడు.

ఇప్పుడు రెండో రకం, లో ప్రెషర్, లో టైడల్ వాల్యూమ్, లో మినిట్ వాల్యూమ్, లో పీప్. ఇవన్నీ కలిసి మోగితే గాలి ఎక్కడో బయటికి పోతోంది. సర్క్యూట్ ఊడిందా మొదట చూడు, తర్వాత నోటి నుంచి మిషన్ దాకా ప్రతి జాయింట్ చేత్తో తడుము. వాటర్ ట్రాప్‌లో నీళ్ళు పారబోసి గిన్నె సరిగ్గా బిగించకపోవడం, నెబ్యులైజర్ తీసేశాక టీ పీస్ మూత పెట్టకపోవడం, శాంపిల్ పోర్ట్ మూత, క్లోజ్డ్ సక్షన్ జాయింట్, ఎక్కువ లీకులు ఈ నాలుగు చోట్లే దొరుకుతాయి. ఐసీడీ ఉన్న పేషెంట్ అయితే బాటిల్‌లో బుడగలు చూడు. ఇచ్చే వాల్యూమ్ 400 చూపించి తిరిగొచ్చేది 280 చూపిస్తుంటే ఆ 120 ఎక్కడికో పోతోంది, ఈ తేడా ఎప్పుడూ ఒక కంట చూస్తుండాలి.

కఫ్ (శ్వాసనాళంలో గాలి పక్కనుంచి పోకుండా ట్యూబ్ చుట్టూ ఉబ్బించే బుడగ) లీక్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పేషెంట్ గొంతులోంచి మూలుగు, గుడగుడ శబ్దం వినిపిస్తే గాలి కఫ్ పక్కనుంచి పైకి వస్తోందన్నమాట. అందరూ సిరంజితో ఇంకో 5 ఎంఎల్ గాలి ఎక్కిస్తారు, కాసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలు. కఫ్‌లో గాలి తగ్గడం ఒక్కటే కారణం కాదు, ట్యూబ్ పైకి జరిగి కఫ్ స్వరతంత్రుల మధ్యలోకి వచ్చినా ఇదే శబ్దం వస్తుంది, అప్పుడు గాలి ఎక్కిస్తే ట్యూబ్ ఇంకా బయటికి నెట్టేసినట్టు. ముందు మార్కు చూడు, తర్వాతే గాలి. ప్రెషర్ మీటర్‌తో కొలిచి 20 నుంచి 30 మధ్య ఉంచాలి. వేళ్ళతో పైలట్ బెలూన్ (కఫ్‌కి కలిపి బయట వేలాడే చిన్న బుడగ) నొక్కి "బానే ఉంది" అనడం నమ్మదగ్గ పద్ధతి కాదు, మీటర్ లేకపోతే ఇన్‌ఛార్జ్‌ని అడిగి తెప్పించుకోండి, పెద్ద ఖరీదైనదేం కాదు.

ఊడిపోయినా అలారం మోగని సందర్భాలు ఉంటాయి, వీటికి నేను ఎక్కువ భయపడతాను. ఒకటి, ఊడిన సర్క్యూట్ కొస దిండుకో దుప్పటికో ఆనుకుంటే అక్కడ అడ్డు వల్ల కొంత ప్రెషర్ వస్తుంది, లో ప్రెషర్ లిమిట్ మరీ తక్కువ పెట్టి ఉంటే మిషన్ అంతా బాగానే ఉందనుకుంటుంది. తిరిగొచ్చే వాల్యూమ్ అలారం సరిగ్గా పెట్టి ఉంటేనే అది బయటపడుతుంది. ఇంకోటి స్టాండ్‌బై. సిటీ స్కాన్‌కి తీసుకెళ్ళేటప్పుడో సర్క్యూట్ మార్చేటప్పుడో గోల ఎందుకని స్టాండ్‌బైలో పెడతారు, తిరిగొచ్చాక ట్యూబ్‌కి తగిలించేసి స్టార్ట్ నొక్కడం మర్చిపోతారు. స్టాండ్‌బైలో అలారాలు మోగవు. కాబట్టి తగిలించాక ఛాతీ లేవడం నీ కళ్ళతో చూడకుండా బెడ్ దగ్గర నుంచి కదలకు.

కట్లపాము కాటు కేసులు, గియాన్ బారే (నరాలు దెబ్బతిని ఒళ్ళు చచ్చుబడే జబ్బు) కేసులు ఉన్న బెడ్ దగ్గర ఈ అలారాల విలువ ఇంకా ఎక్కువ. ఆ పేషెంట్‌కి మెలకువ పూర్తిగా ఉండొచ్చు, కానీ కనురెప్ప కూడా ఎత్తలేడు. సర్క్యూట్ ఊడితే గింజుకోలేడు, చెయ్యి ఊపలేడు, కోలుకున్నాక "మీరు మాట్లాడుకున్నవన్నీ వినపడ్డాయి" అని చెప్పినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి లో వాల్యూమ్ అలారం ఒక్కటే నోరు. ఆ బెడ్ దగ్గర అలారం సౌండ్ తగ్గించి ఉంటే మాత్రం ఎంత సీనియర్ తగ్గించినా సరే, నువ్వు పెంచెయ్యి.

యాప్నియా అలారం సాధారణంగా 20 సెకన్లకి పెట్టి ఉంటుంది, అది మోగి బ్యాకప్ (మిషన్ తనే ఊపిరి ఇవ్వడం) మొదలైతే మందులు చూడు (నొప్పికి ఇచ్చే ఫెంటనిల్ ఒక్కసారిగా ఇప్పుడే ఇచ్చారా), కనుపాపలు చూడు, డాక్టర్‌కి చెప్పు. రేట్ ఎక్కువ అలారం అయితే జ్వరం, నొప్పి, ఎసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం). కానీ పేషెంట్ పూర్తిగా సెడేషన్‌లో ఉండి మిషన్ మాత్రం 35, 40 చూపిస్తుంటే పైపులో నీళ్ళు కదులుతూ మిషన్‌ని మోసం చేస్తున్నాయేమో, లీక్ ఉందేమో చూడు. నీళ్ళు ట్రాప్‌లోకి పోనివ్వాలి, పైపు ఎత్తి పేషెంట్ వైపు వంచకూడదు.

ఆక్సిజన్ సప్లై అలారం విషయంలో ఒక్కటే ముందు తేల్చుకో, ఒక్క మిషన్ మోగుతోందా, అన్నీ మోగుతున్నాయా. ఒక్కటే అయితే గోడ దగ్గర ప్రోబ్ ఊడింది, పైపు నలిగింది, లేదా ఆక్సిజన్ సెన్సార్ అయిపోయింది. వరసగా అన్ని బెడ్లూ మోగితే పైప్‌లైన్ ప్రెషర్ పడిపోయింది, అప్పుడు మిషన్ల దగ్గర టైం వేస్ట్ చెయ్యకూడదు, మ్యానిఫోల్డ్ రూంకి (పైప్‌లైన్‌కి సిలిండర్లు కలిపే గది) ఫోన్, జంబో సిలిండర్లు, ప్రతి బెడ్‌కి ఒక మనిషి, ఒక అంబూ. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి అధికారులు అప్పుడు చెప్పిన లెక్క ప్రకారం 11 మంది కోవిడ్ పేషెంట్లు చనిపోయారు, తెలుగు నేల మీద ఐసీయూలో పనిచేసేవాళ్ళెవరూ ఆ రాత్రిని మర్చిపోకూడదు. టర్బైన్ ఉన్న (గదిలోని గాలిని తనే లాక్కునే) వెంటిలేటర్ ఆక్సిజన్ లేకపోయినా గాలి కొడుతూనే ఉంటుంది, ఛాతీ లేస్తుంది, కానీ వెళ్ళేది 21 శాతమే, అది చూసి మోసపోకు. సిలిండర్ తగిలించని అంబూ కూడా అంతే. మీ ఐసీయూలో స్పేర్ సిలిండర్ ఎక్కడుందో, దాని స్పానర్ ఎక్కడుందో ఈరోజే చూసి పెట్టుకో.

ఇంతా చెప్పాక నేను అన్నిటికంటే గట్టిగా నమ్మేది చెప్తాను. అలారం మోగినప్పుడు చేసే పని కంటే షిఫ్ట్ మొదట్లో పది నిమిషాలు చేసే పని ముఖ్యం. హ్యాండోవర్ అవ్వగానే అంబూ బ్యాగ్, మాస్క్, సక్షన్ పనిచేస్తున్నాయా చూసి, ట్యూబ్ మార్కు, కఫ్ ప్రెషర్ రాసుకుని, అలారం పేజీ తెరిచి ప్రతి లిమిట్ ఈ పేషెంట్‌కి సరిపోతుందా చూడు. ఆ మిషన్ మీద అంతకుముందున్న పేషెంట్‌కి పెట్టిన లిమిట్సే చాలాసార్లు అలాగే ఉంటాయి. ఈ పేషెంట్ పీక్ మామూలుగా 25 ఉంటే హై ప్రెషర్ 35, 40 దగ్గర పెట్టు. మినిట్ వాల్యూమ్ 8 లీటర్లు నడుస్తుంటే కింద 6, పైన 11 అలా. కింద లిమిట్ 2 లీటర్లు ఉంటే అది ఉన్నా లేనట్టే. అలాగని 8 నడుస్తున్నప్పుడు కింద 7.5 పెడితే దగ్గినప్పుడల్లా మోగుతుంది, రెండు గంటల్లో నీకు ఆ శబ్దం వినపడడం మానేస్తుంది.

వినపడడం మానెయ్యడం మాట వరసకి అనలేదు. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2013లో ఇచ్చిన హెచ్చరికలో, ఆసుపత్రి అలారాల్లో 85 నుంచి 99 శాతం దాకా ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేనివే అని రాశారు. అదే హెచ్చరికలో 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా అలారాలకి సంబంధించి తమ దృష్టికి వచ్చిన ఘటనలు 98, వాటిలో మరణాలు 80 అని ఉంది (అన్ని రకాల మిషన్లూ కలిపి). పనికిరాని మోత ఎంత ఎక్కువైతే పనికొచ్చే మోత అంత మునిగిపోతుంది. కాబట్టి పనికిరాని అలారాలు తగ్గించడం కూడా పేషెంట్‌ని కాపాడే పనే, కాకపోతే అది లిమిట్లు విచ్చలవిడిగా తెరిచేసి చెయ్యకూడదు, సక్షన్ టైంకి చేసి, నీళ్ళు తీసేసి, ప్రోబ్ సరిగ్గా పెట్టి, నొప్పికి మందు ఇప్పించి తగ్గించాలి.

సెట్టింగ్ తప్పైనా అలారం ఆగదు. 150 సెంటీమీటర్ల పొడవున్న ఆవిడకి 500 ఎంఎల్ టైడల్ వాల్యూమ్ పెట్టి ప్రెషర్ అలారం ఎందుకు మోగుతోంది అంటే ఎలా. గాలి లెక్కకి పొడవుని బట్టి వచ్చే బరువే తీసుకోవాలి: ఆడవాళ్ళకి 45.5, మగవాళ్ళకి 50, దానికి సెంటీమీటర్ల పొడవులోంచి 152.4 తీసేసి మిగిలినదాన్ని 0.91తో గుణించి కలపాలి (ఆవిడలా పొడవు తక్కువైతే మైనస్ వస్తుంది, అంత తగ్గించాలి). ఆవిడకి 43 కేజీలు వస్తుంది, కేజీకి 6 ఎంఎల్ చొప్పున 260. మంచం మీద ఆవిడ బరువు 75 కేజీలున్నా సరే, ఊపిరితిత్తుల సైజు పొడవుని బట్టే ఉంటుంది. 2000లో ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ అనే పరిశోధన బృందం ప్రచురించిన 861 మంది ట్రయల్‌లో కేజీకి 12 ఎంఎల్ ఇచ్చినవాళ్ళలో దాదాపు 40 శాతం చనిపోతే 6 ఎంఎల్ ఇచ్చినవాళ్ళలో 31 శాతం చనిపోయారు. సెట్టింగ్ మార్చడం నీ పని కాదు, కానీ పొడవు కొలిచి "సార్, ఈమెకి కేజీకి 11 దాటుతోంది" అని చెప్పడం నీ పనే.

అటెండెంట్లు లోపలికి వచ్చినప్పుడు అలారం మోగితే బిక్కచచ్చిపోతారు, సైలెన్స్ బటన్ చూసి నేర్చుకుని వాళ్ళే నొక్కేసే కొడుకులు కూడా ఉంటారు. ఒక్క నిమిషం కేటాయించి "పసుపు రంగుది చూడమని చెప్పేది, ఎరుపుది వెంటనే రమ్మని చెప్పేది, ఏది మోగినా నేను వస్తాను, మీరు మాత్రం ముట్టుకోకండి" అని చెప్పు, వాళ్ళూ కుదుటపడతారు.

ఇక ఫోన్. "సార్, అలారం మోగుతోంది" అంటే ఆయన నిద్రమత్తులో ఏమీ అర్థం చేసుకోలేరు. ఇలా చెప్పి చూడు: "సార్, 4వ బెడ్, పురుగుల మందు కేసు, రెండో రోజు, వాల్యూమ్ కంట్రోల్‌లో ఉన్నారు. పది నిమిషాల నుంచి హై ప్రెషర్, పీక్ 26 ఉండేది 44 అయింది, ప్లేటూ 19. శాచురేషన్ 97 నుంచి 91కి వచ్చింది, బీపీ స్థిరంగా ఉంది. ట్యూబ్ 22 దగ్గరే ఉంది, రెండు వైపులా గాలి వెళ్తోంది, వీజ్ (పిల్లికూతల శబ్దం) వినిపిస్తోంది, సక్షన్ చేశాను, ఫిల్టర్ మార్చాను, తగ్గలేదు. అట్రోపిన్ సాయంత్రం తగ్గించారు. మీరు వచ్చి చూడాలి." ఇది అర నిమిషం మాట. ఇలా చెప్తే వస్తారు, లేదా అక్కడికక్కడే ఆర్డర్ ఇస్తారు. ఫోన్ చేసిన టైం, చెప్పిన నంబర్లు, ఇచ్చిన ఆర్డర్ ఛార్ట్‌లో రాసెయ్యి. శాచురేషన్ పడిపోతూనే ఉండి ఆయన రాకపోతే ఆగకుండా కన్సల్టెంట్‌కి చెయ్యి, అందుకు నిన్ను ఎవరైనా కోప్పడితే మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని తీసుకెళ్ళి మాట్లాడించు.